వేరే గ్లాసు

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది. పుదుచ్చేరిలో తాగుడు మాన్పించే ఒక కేంద్రంలో నేను కౌన్సిలర్‌ని. యానాం నుంచి వచ్చినదాన్ని. గుడి ప్రసాదం తెలుసు గానీ చర్చి సంగతులు నాకు తెలియవు.

ఒర్లియంపేటలో ఉండే పెయింటర్ సామ్యేలు (పేరు మార్చాను) మందు మాని తొమ్మిది నెలలైంది. తాగుడు మానడానికి ఆయన వేసుకునే మాత్రకు చుక్క మందు తగిలినా గుండె దడ, వాంతులు. పైగా రిలాప్స్‌కు, అంటే మళ్లీ పాత తాగుడులో పడడానికి, ఒక్క గుక్క చాలు. ఒకరోజు చెప్పాపెట్టకుండా వచ్చి కూర్చున్నారు.

"ఆదివారం ప్రభు బల్ల మేడమ్, రొట్టె, ద్రాక్షరసం పంచతారు. మా తెలుగు చర్చిలో ఇచ్చేది నిజం వైనే. ఒకే గిన్నె అందరి చేతులూ మారతాది. అప్పుడు నేను లేచి బయటికి పోతా ఉండా. మళ్లీ మొదలుపెట్నాడా అని మా ఆడమనిషిని అడగతా ఉండారు."

"ఒక్క గుక్క కోసం అంత బాధ ఎందుకు?" నిజంగానే తెలియక అడిగాను.

"ఏంది మేడమ్ అట్లంటారు? రొట్టె యేసయ్య ఒళ్లు, రసం ఆయన రక్తం. ఒకే రొట్టె తిని, ఒకే గిన్నెలో తాగినోళ్లమంతా ఒకే ఒళ్లు. బయట నిలబడినోడు యాడుంటాడు?"

"అయితే మీకు మాత్రం వేరే గ్లాసులో ద్రాక్ష జ్యూస్ ఇమ్మందాం" అన్నాను. ఎంత తెలివైన ఉపాయమో అని మురిసిపోయాను కూడా.

ఆయన ముఖం మాడిపోయింది.

"మా తాత టీకొట్లో, కులం తక్కువని పెట్టిన వేరే గ్లాసులో తాగినోడు మేడమ్. తాగి, కడిగి, చూరు కింద బోర్లించి పోయేటోడు. ఇక్కడ అందరికీ ఒకే గిన్నె అన్నారనే చర్చికి వచ్చినాడు. నాకు మళ్లీ వేరే గ్లాసా? దానికన్నా ఆ గుక్క తాగేస్తా."

సిగ్గుపడ్డాను. "మీ పాస్టర్‌గారితో మాట్లాడనా?" అని అడిగాను. ఆయన సరేనన్నాక వాళ్ల పాస్టర్‌గారికి ఫోన్ చేసి అంతా చెప్పాను.

"వేరే గ్లాసు పెట్టనమ్మా" అన్నారాయన అంతా విని. ఇక ఏ దారీ లేదనుకున్నాను.

ఆదివారం ఉండబట్టలేక వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. పాస్టర్‌గారు గిన్నె ఎత్తారు. సామ్యేలు లేవబోయారు.

"ఇది పులియని ద్రాక్షరసం. ఇవాళ్టి నుంచి అందరికీ ఇదే" అన్నారు పాస్టర్‌గారు. కారణం చెప్పలేదు, ఎవరి పేరూ ఎత్తలేదు. సామ్యేలు మళ్లీ కూర్చున్నారు. గిన్నె ఆయన దాకా వచ్చింది. తాగి, పక్కాయనకు అందించారు. నాకు కళ్లు చెమర్చాయి.

అంతకుముందు నేను తాగుడు మానినవాళ్ల కుటుంబాలకు "విందుల్లో ఆయనకు విడిగా కూల్‌డ్రింక్ పెట్టండి" అని చెప్పేదాన్ని. ఇప్పుడు "ఆ పూట మీరందరూ అదే తాగండి" అంటున్నాను. కొందరు గొణుగుతారు. వాళ్లకు, పేరు చెప్పకుండా, చూరు కింద గ్లాసు బోర్లించి వెళ్లిన ఒక తాత సంగతి చెబుతాను.