కలిసినట్టు కనబడిన వేడి

మా కోడలిది కరిగిన లోహాన్ని కంప్యూటర్లో కాచే ఉద్యోగం. నవ్వకండి, మొదట్లో నేనూ నవ్వాను. కొన్ని అణువిద్యుత్ కేంద్రాల్లో వేడిని లాగడానికి నీళ్ళ బదులు కరిగిన సోడియం తిప్పుతారట. పంపు ఆగిందా, వేడిది పైన, చల్లనిది కింద, కలవకుండా పొరలు కడతాయి. ఆ రెంటి సరిహద్దు ఎంత పదునుగా ఉంటే అది పోసిన తొట్టి ఉక్కు గోడ అక్కడ అంత నలుగుతుంది, చివరికి పగులుతుంది. ఆ పదునెంతో ముందే లెక్కకట్టి చెప్పాలి ఈవిడ. నేను చదివింది మూడో తరగతే అయినా ఇదంతా దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పించుకున్నాను. ఇంట్లో మనిషి ఏం చేస్తుందో తెలియకుండా అన్నం వడ్డించే రకాన్ని కాను.

కోడలి లెక్కలో సరిహద్దు పైకెక్కుతూ చెదిరిపోయింది. గోడకు ఢోకా లేదన్నారు. సోమవారం తొట్టి తయారీకి ఆఫీసరు సంతకం, ఆ వెంటనే దీనికి విభాగం పెద్ద కుర్చీ.

ఆదివారం మధ్యాహ్నం బట్టలు మడతపెడుతున్నది గళ్ళ దుప్పటి దగ్గర ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఏమైందే?"

"అత్తయ్యా, తొట్టిని గళ్ళుగా కోసి లెక్కేస్తాం కదా. కింద సన్న గళ్ళు, పైన పెద్దవి పెట్టాను. సరిగ్గా పెద్ద గళ్ళు మొదలైనచోటే సరిహద్దు చెదిరింది. ఒక్కో గడిలో వేడీ చల్లదనం సగటైపోయాయి. లోహం కలవలేదు, నా గళ్ళే కలిపేశాయేమో!"

"అయితే చెప్పు."

"చెప్తే కుర్చీ పోతుంది."

"చెప్పకపోతే?"

"గోడ పోతుంది."

"మరి నా మొహం చూస్తావేం? నేనేమన్నా ఆఫీసరునా?" అంటూ ఫోన్ తెచ్చి చేతిలో పెట్టాను.

ఫోన్ చేసింది. ఆఫీసరు గొంతు నాకూ వినబడుతోంది. "అందరూ ఒప్పుకున్న లెక్కని ఇప్పుడు తిరగతోడతావా? ఆపించాక ఏమీ తేలకపోతే?"

"తప్పు నాదే సార్. పొద్దున్నకల్లా తేలుస్తాను. అప్పటిదాకా సంతకం పెట్టకండి."

పైదాకా సన్న గళ్ళు వేసి మళ్ళీ నడిపించింది. పొద్దున కాఫీ చల్లారిపోతున్నా ముట్టలేదు. తెరమీద బొమ్మ విచ్చుకుంది. పైన ఎరుపు, కింద నీలం, మధ్యలో కత్తితో కోసినట్టు గీత. పైకెక్కింది, ఇంకా ఎక్కింది, చెదరలేదు. హమ్మయ్య అనాలో అయ్యో అనాలో తోచలేదు నాకు.

సంతకం ఆగింది. గోడకు లోపల ఇంకో తొడుగు వేయాలన్నారు. కుర్చీ ఇంకొకరికి పోయింది.

"మీ కోడలికి ప్రమోషన్ రాలేదటగా?" అంది పక్కింటావిడ, జాలి ఒలకబోస్తూ.

"రాలేదు. తన తప్పు తనే పట్టుకునేవాళ్ళకి తొందరగా రాదులే. మీ అల్లుడికి ఈ ఏడు కూడా వచ్చిందా?"

ఆ బట్టలు మాత్రం ఇంకా మంచం మీదే ఉన్నాయి. మడతపెట్టవే అంటే, "గళ్ళు సరిచూస్తున్నా అత్తయ్యా" అంటుంది, దొంగమొహంది.