రూతు టీచరు రాసిన క్యాంపు

గుడారం ఎలా కట్టాలో రూతు టీచరు పదిహేనేళ్ళుగా పిల్లలకు నేర్పుతోంది. తను మాత్రం ఒక్క రాత్రి కూడా గుడారంలో పడుకోలేదు. దివిసీమలోని పల్లె నుంచి వచ్చి బందరు హాస్టల్లో చదువుకునే రోజుల్లో ఆమెకు తెలిసిన గైడ్స్ క్యాంపు హాస్టలు వరండాలో చాపలు పరుచుకోవడమే. గుడివాడలో ఒక ఎయిడెడ్ హైస్కూల్లో సైన్సు టీచరై, గైడ్స్ బాధ్యత తీసుకున్నాక కూడా పరిస్థితి పెద్దగా మారలేదు. ఆడపిల్లల క్యాంపు స్కూలు డాబా మీద జరిగేది. సాయంత్రం ఆరింటికల్లా తండ్రులు సైకిళ్ళ మీద వచ్చి కూతుళ్ళను తీసుకుపోయేవాళ్ళు. పొద్దున్నే మళ్ళీ దింపేవాళ్ళు. రికార్డులో మాత్రం 'రెండు రాత్రుల శిబిరం' అని పడేది.

1998లో ఎనిమిది మంది అమ్మాయిలు పెద్ద బ్యాడ్జి పరీక్ష దాకా వచ్చారు. ఆ పరీక్షకు కూర్చోవాలంటే రెండు రాత్రులు ఆరుబయట గుడారాల్లో గడిపినట్టు టీచరు సంతకం చేసివ్వాలి. ఈసారి ఆ సంతకం అబద్ధం కాకూడదని రూతు పట్టుబట్టింది.

"తప్పకుండా వెళ్దాం రూతమ్మగారూ! ముందు మీరు ప్లాను రాసుకురండి, కమిటీలో పెడదాం" అన్నారు హెడ్మాస్టరు ప్రకాశరావు. వద్దని మొహం మీద చెప్పడం ఇష్టంలేనప్పుడు ఆయన ఎవరితోనైనా అనే మాట అది. రూతు దాన్ని అనుమతి అనుకుంది.

ఆగస్టు నుంచి ప్రతి ఆదివారం చర్చిలో ఆరాధన కాగానే బస్సెక్కేది. మొదట కొల్లేరు వైపు వెళ్ళింది. చిన్నప్పుడు పుస్తకంలో చదివిన సరస్సు కోసం మూడు వారాలు వెతికింది. ఎక్కడ గట్టెక్కినా అవతల చేపల చెరువు, దాని అవతల ఇంకో చెరువు.

"సరస్సు ఎక్కడ బాబూ?" అని ఒక కాపలావాడిని అడిగింది.

"ఇదేనండి. మీరు నిలబడింది కూడా సరస్సులోనే" అన్నాడతను.

నాలుగో వారం ఒక లంక గ్రామంలో చర్చి వెనక ఎత్తయిన దిబ్బ దొరికింది. ముందు తామరాకులు, వాటి వెనక నిజమైన నీళ్ళు, నీళ్ళ మీద కొంగలు. సంఘ పెద్ద సత్యానందం ఆమె చెప్పిందంతా విని, "ఆడపిల్లలంటున్నారు కాబట్టి మా ఆవిడా, ఇంకో ఇద్దరూ చర్చిలోనే పడుకుంటారు. మీరేం భయపడకండమ్మా" అన్నాడు.

మొదటి రాత్రికి చోటు కుదిరింది. రెండో రాత్రికి పోలమ్మ సాయపడింది. పోలమ్మ బంటుమిల్లి అవతల సముద్రం పక్క పల్లె మనిషి. తట్టలో చేపలు పెట్టుకుని గుడివాడ వచ్చి అమ్ముతుంది. రూతు ఇంటి ముందు తట్ట దించుకుని, విషయం విని బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"పిల్లల్ని తీసుకెళ్ళి ఆరుబయట పడుకోబెడతావా? ఏం టీచరమ్మా, మీ ఇస్కూలు గానీ కూలిపోయిందా?"

"నేర్చుకోవడానికి పోలమ్మా."

"మేం పుట్టిన కాణ్ణించీ ఇసకలోనే పడుకుంటన్నాం. మాకెవుడూ బిళ్ళ ఇవ్వలా!" అని నవ్వి, ఆ వచ్చే ఆదివారమే వెంటబెట్టుకుని తీసుకెళ్ళింది.

పోలమ్మ అన్న యలమందకు తీరాన సరుగుడు తోట ఉంది. చెట్ల మధ్య మెత్తటి ఇసుక, గాలికి సన్నటి హోరు. అక్కడి బావి నీళ్ళు ఉప్పన. ఇసుకదిబ్బ దిగువన మోకాలి లోతు చెలమ తవ్వితే మాత్రం తియ్యటి నీళ్ళు ఊరతాయని యలమంద తవ్వి చూపించాడు. రూతు దోసిలి పట్టి తాగింది. కడుపులో ఏమైనా తేడా చేస్తుందేమోనని రెండు రోజులు చూసుకుని, ఆ తర్వాతే కాగితం మీద రాసింది. ఆడపిల్లలు మరుగుకు వెళ్ళడానికి తాటాకు దడి కట్టిస్తానని పోలమ్మ తనంతట తనే చెప్పింది.

శనివారాలు స్కూల్లో రూతు బోర్డు మీద ఆ రెండు చోట్ల పటాలు గీసేది. గాలి ఎటు నుంచి వస్తుంది, గుడారం వాకిలి ఎటు ఉండాలి, పొయ్యి ఎక్కడ, చెలమ ఎక్కడ, దడికి ఎన్ని అడుగులు, అన్నీ చెప్పేది. తాము ఎవరి పక్కన పడుకోవాలో కూడా అమ్మాయిలు వాదించుకుని తేల్చుకున్నారు.

ప్లాను పద్నాలుగు పేజీలైంది. చివరి రెండు పేజీల్లో ఆమె ఇబ్బందులు రాసింది. తోటలో నక్కలు తిరుగుతాయి. లంక దగ్గర గట్టు జారుడు. దగ్గర్లోని డాక్టరుకు ఆరు కిలోమీటర్లు. పాములు లేవని చెప్పలేం. ప్రతి ఇబ్బందికీ ఎదురుగా తాను చేసిన ఏర్పాటు రాసింది. లాంతర్లు, గట్టు వెంబడి తాడు, పిలిస్తే వచ్చే జీపు, కాపలాకు ఊరి ఆడవాళ్ళు. దాచిపెట్టడానికేమీ లేదని కమిటీకి తెలిస్తే నమ్ముతారనుకుంది.

కమిటీలో హెడ్మాస్టరు కళ్ళజోడు సర్దుకుని నేరుగా ఆఖరి రెండు పేజీలు తీశారు. ఎడమ వైపు రాసింది పైకి చదివారు. కుడి వైపు చదవలేదు.

"నక్కలు, పాములు, జారుడు గట్టు. ఇవి నేను కల్పించినవి కాదండీ. టీచరుగారే స్వహస్తాలతో రాశారు" అన్నారు.

"ఎదురుగా ఉన్నది కూడా చదవండి సార్" అంది రూతు.

"చదువుతాం లేమ్మా. ఆడపిల్లల విషయం. రేపేదన్నా జరిగితే మీరే రాశారుగా అంటారు ఊళ్ళో."

డ్రిల్లు మాస్టరు ధర్మారావు కాగితాలు తన వైపు లాక్కున్నాడు. మగపిల్లల స్కౌట్స్ ఆయనవి. ఏటా ఏదో ఒక హైస్కూలు గ్రౌండుకు తీసుకెళ్ళి రెండు రోజులు వాలీబాల్ ఆడించి తీసుకొస్తాడు.

"అబ్బ, ఎంత కష్టపడ్డారండీ! ఇది పనికిరాకుండా పోకూడదు. మా కుర్రాళ్ళను తీసుకెళ్తాను. ఆ సంఘ పెద్దగారికీ, చేపలావిడకీ మీరో ఉత్తరం ముక్క రాసిస్తే చాలు."

కమిటీ ఒప్పుకుంది. రూతు లేచి వచ్చేసింది. ఉత్తరాలు రాయలేదు. ధర్మారావుకు అవి అవసరం పడలేదు, దారులూ పేర్లూ అన్నీ ప్లానులోనే ఉన్నాయి.

డిసెంబరులో మగపిల్లలు వెళ్ళొచ్చారు. మర్నాడే పోలమ్మ వచ్చి, తట్ట దించకుండానే మొదలెట్టింది.

"ఎవుళ్ళని పంపినావమ్మా? నీ ఆడపిల్లలొస్తారని ముగ్గురం కూకుని దడి అల్లినాం. దాన్ని పీకి మంటేసుకున్నారు. ఆ మేష్టారు సినిమా పాటలు పెట్టుకుని తొంగున్నాడు. మా అన్న ఇంక బడోళ్ళ మొహం చూడనన్నాడు."

"నేను పంపలేదు పోలమ్మా."

"నీ పేరే సెప్పారు మరి."



గుడారాలు తిరిగొచ్చాక ఆడపిల్లల వంతు వచ్చింది. డాబా సిమెంటులో మేకులు దిగవు కాబట్టి తాళ్ళను నీళ్ళ ట్యాంకు గొట్టానికి కట్టారు. రెండు రోజులూ ఆరింటికి తండ్రులొచ్చారు. మూడో రోజు హెడ్మాస్టరు క్యాంపు సర్టిఫికెట్ల కట్ట సంతకాలకని రూతు బల్ల మీద పెట్టించారు. వారం రోజులు ఆమె వాటిని ముట్టుకోలేదు.

చివరికి జెస్సీ వచ్చింది. ఎనిమిది మందిలో చురుకైన పిల్ల, రూతు వాళ్ళ సంఘంలోదే.

"టీచర్, రేపే ఆఖరి రోజంట."

"మనం వెళ్ళలేదుగా జెస్సీ."

"వెళ్ళనివ్వలేదు. మీరిప్పుడు సంతకం పెట్టకపోతే హెడ్మాస్టరుగారికేం కాదు టీచర్, పరీక్ష పోయేది మాకు. మగపిల్లలందరూ రాస్తున్నారు. అసలు ఈ పట్టుదల మాకోసమా, మీకోసమా?"

రూతు ఎనిమిది కాగితాల మీదా సంతకాలు చేసింది. అంత తేలిగ్గా అయిపోతుందని ఆమె అనుకోలేదు.

పరీక్ష ఫిబ్రవరిలో బందరులో జరిగింది. బయటి జిల్లా నుంచి వచ్చిన పెద్దమనిషి ఒక్కొక్కరినీ పిలిచి క్యాంపు గురించి అడిగాడు. నీళ్ళెక్కడివని అడిగితే ధర్మారావు శిష్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. శ్రీదుర్గ అనే అమ్మాయి గడగడా చెప్పింది. "చెలమ తవ్వామండి, దిబ్బకు దిగువ వైపు. బావి నీళ్ళు ఉప్పు. వాకిళ్ళు పడమటికి పెట్టాం, సముద్రపు గాలి తూర్పు నుంచి కొడుతుంది కదండీ." కొంగలు వాలే వేళ ఇంకొక అమ్మాయి చెప్పింది. గట్టు వెంబడి తాడు ఎన్ని గజాలు పట్టిందో జెస్సీ చెప్పింది. ఒక్కరూ తడబడలేదు. చాలాసేపటికి రూతుకు అర్థమైంది, వాళ్ళు అబద్ధమాడుతున్నామని కూడా అనుకోవడం లేదని.

ఎనిమిది మందీ పాసయ్యారు. "క్యాంపంటే ఇలా చెయ్యాలండీ. ఏటా తీసుకెళ్తారా?" అని ఆ పెద్దమనిషి రూతును అడిగాడు.

"తీసుకెళ్తామండి" అంది.

ఎసెంబ్లీలో హెడ్మాస్టరు బ్యాడ్జీలు పెట్టి, మన ఆడపిల్లలు అడవులకూ సరస్సులకూ భయపడని వీరనారులని మాట్లాడారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. రూతు కూడా కొట్టింది.

మరుసటి ఆగస్టులో హెడ్మాస్టరే పిలిచారు. కొత్త బ్యాచిలో పదకొండు మంది ఉన్నారు.

"ఈ ఏటి ప్లాను ఎంతవరకు వచ్చిందమ్మా?"

"పోయినేటిదే ఉందిగా సార్" అంది రూతు. "తేదీలు మార్చి ఇస్తాను. ఆఖరి రెండు పేజీలు తీసేస్తాను."

ఆదివారం మధ్యాహ్నాలు ఇప్పుడామె ఇంట్లోనే ఉంటోంది.