మెటికలు విరిపించిన మనిషి

మా మేనత్త పోయింది. నేను ఆస్పత్రి నుంచి ఇల్లు చేరేలోపే ఆ సంగతి తార్నాకలోని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో తిరిగేసింది: ‘సీరియల్లో ఆ దుర్మార్గపు అత్త చనిపోయిందట.’ కింద ఒకాయన ‘పీడ పోయింది’ అని రాసి నవ్వు బొమ్మ పెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె ఉండి ఉంటే ఆ మాట చదివి ఎంత పొంగిపోయేదో తట్టాక, కోపం కూడా మిగల్లేదు.

మీలో చాలామంది ఆమెను తిట్టే ఉంటారు. టీవీలో పెళ్లిళ్లు చెడగొట్టి, కోడలి కూరలో ఉప్పు గుమ్మరించి, కన్నకొడుకునే ఇంట్లోంచి గెంటేసిన మనిషి, గొంతు పాడవుతుందని ఇంట్లో గుసగుసగానే మాట్లాడేది. యూనివర్సిటీలో నాకు హాస్టల్ సీటు రానప్పుడు తన దగ్గరే పెట్టుకుంది. షూటింగ్ ఉన్న రోజు రెండు ముద్దలు ఎక్కువ తినేది. “కడుపు ఖాలీగ ఉంటే తిట్టు పెదవుల మీదనే ఆగిపోతది బిడ్డా” అనేది.

పొద్దున్నే క్యాంపస్‌లో నడక. చెట్ల కింద ఆ రోజు డైలాగులు అనుకుంటూ నడిచేది. ఒకసారి “నీ కొంపకు నేనే నిప్పు పెడతాను!” అనేసరికి, పక్క బెంచీ మీద చదువుకుంటున్న పిల్ల పుస్తకం వదిలేసి లేచింది. “నిన్ను గాదమ్మా, నా కోడల్ని” అని అత్త వెంటపడితే ఆ పిల్ల ఇంకా జోరుగా పరిగెత్తింది.

గేటు దగ్గర జామకాయలమ్మే ఆమె మాత్రం పారిపోయే రకం కాదు. అత్త కనబడగానే రెండు చేతులూ కణతలకు ఆనించి పటపటా మెటికలు విరిచేది. “నీ నోట్ల మన్నువడ! ఆ పిల్లను గంత గోస పెడ్తవా?” అత్త తలవంచుకుని తిట్లన్నీ పూర్తిగా విని, ఆ తర్వాత జామకాయకు ఉప్పుకారం బాగా రాయించుకుని తినేది. నాకు తల కొట్టేసినట్టుండి చెయ్యి పట్టి లాగేదాన్ని.

“ఉండు బిడ్డా. నన్ను చూస్తే చేతులు లేవాలె. లేవకపోతే నేను పని చెయ్యలేదన్నట్టే. చెడ్డదానికి తను చెడ్డదని తెల్వదు, కొడుకు కోసమే చేస్తున్న అనుకుంటది. తెల్సేది ఆ చేతులకే.”

ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎంత వెతికినా ఆమె అరుపులే. ‘తిన్నవా బిడ్డా’ అనే గుసగుస ఎక్కడా లేదు. ఊరంతా అసహ్యించుకున్న గొంతు భద్రంగా ఉంది, నాకు అన్నం పెట్టిన గొంతు పోయింది. కాలమే మాన్పుతుందని అందరూ అంటున్నారు. నాకు నమ్మకం లేదు.

దినాలు అయిపోయాక క్యాంపస్‌కి వెళ్లాను. జామకాయలామె బండి మీద ఫోను ఆనించి సీరియల్ చూస్తోంది. నేనూ వంగి చూశాను. అదే ఇల్లు, అదే జరీ చీర, అందులో మరొక నటి. కోడలి జుట్టు పట్టి ఈడుస్తోంది. జామకాయలామె చేతులు అలవాటుగా కణతల దాకా లేచి అక్కడే ఆగిపోయాయి.

“తిట్టబుద్ధయితలేదు బిడ్డా. ఈమె ఆమె గాదు.”

చేతులు మెల్లగా దించి, కోసిన కాయ మీద వాలిన ఈగలు తోలుకుంటూ కూర్చుంది. ఫోనులో కోడలు ఏడుస్తూనే ఉంది.