మామయ్య పేరున్న రాయి

మొన్న ఆదివారం యాప్రాల్ దాటి ఒక పెళ్లికి వెళ్తుంటే, రోడ్డు ఉన్నట్టుండి వంకర తిరిగే చోట మా క్యాబు ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. డ్రైవరు స్టీరింగు వదిలేసి, పక్కనున్న పసుపు పూసిన రాయికి రెండు చేతులూ జోడించాడు. రాయి చుట్టూ టైల్సు, ఇనుప కటకటాలు, పైన రేకుల కప్పు. "శానా పవర్‌ఫుల్ తల్లి సార్. జెర మొక్కుకోండ్రి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అది తల్లి కాదు నాయనా, మా మామయ్య అని చెబుదామనుకున్నాను. చెబితే నడిరోడ్డు మీద దింపేసి పోతాడేమోనని నోరు మూసుకున్నాను.

నిజానికి అది యుద్ధంలో పోయినవాళ్ల జ్ఞాపకార్థం పాతిన రాయి. అది ఉన్న ఊరు మిలిటరీ కంటోన్మెంటుకు దగ్గర కావడంతో తెల్లదొరల కాలంలో అక్కడి మగవాళ్లు చాలామంది పటాలంలో చేరారు. మొదటి యుద్ధం అయ్యాక దొరలు ఊరి మొదట్లో నిలువెత్తు నల్లరాయి నిలబెట్టి, తిరిగిరానివాళ్ల పేర్లు ఇంగ్లీషులో చెక్కించారు. రెండో యుద్ధం తర్వాత అడుగున ఇంకొన్ని పేర్లు చేరాయి. వాటిలో ఒకటి మా మేనత్త భర్తది. ఆయన తండ్రి గుంటూరు వైపు నుంచి వచ్చి ఆ ఊళ్లో మిషను బడి పంతులుగా స్థిరపడ్డాడు. మామయ్య పెళ్లయిన ఏడాదికే సైన్యం ఆసుపత్రిలో కాంపౌండరుగా బర్మా వెళ్లి అక్కడే పోయాడు. శవం రాలేదు, సమాధి లేదు, ఇంట్లో ఒక ఫోటో అయినా లేదు. అత్తయ్య మళ్లీ పెళ్లి చేసుకోలేదు. కార్ఖానా పేటలో మా ఇంట్లోనే ఉండి, టీచరుగా రిటైరైంది. లోకంలో కనిపించిన తప్పల్లా దిద్దే పని నుంచి మాత్రం రిటైరవలేదు.

మా వాళ్లందరూ ఈస్టరుకు సమాధుల తోటకు వెళ్లి, తమ వాళ్ల సమాధులు కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. అత్తయ్యకు సమాధి ఏదీ? అందుకని నా చేత స్కూటరు తీయించి ఆ రాయి దగ్గరకు వెళ్లేది. రాయిని కడిగి, చామంతి దండ వేసి, కొవ్వొత్తి వెలిగించి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసేది. ఏళ్ల తరబడి ఇదే తంతు. దారిన పోయేవాళ్లు ఆగి చూసేవారు. చూసి ఊరుకుంటే ఏ గొడవా లేకపోను. ఒక ఏడు రాతికి బొట్టు కనిపించింది. మరుసటేడు కొబ్బరి చిప్పలు. ఆ తర్వాత బోనాలకు ముందు సున్నం కొట్టడం, దాని మీద పసుపు, మళ్లీ సున్నం. పొరలు పేరుకుని పేర్లన్నీ పూడుకుపోయాయి. అత్తయ్యకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆ కోపంతో ఆవిడ చదివే దండకమంతా స్కూటరు నడిపే నా వీపే వినాల్సి వచ్చేది.

ఆ పూజలకు పెద్ద, పాలు పోసే ఒక ముసలావిడ. మనుషుల పేర్లున్న రాతిని దేవతను చేయడమేమిటని అత్తయ్య ఆవిడను నిలదీసింది. ఆవిడ బర్రె తాడు వదలకుండానే నిదానంగా అంది: "నువ్వు పూలేసి దీపం ముట్టిచ్చుడు సూసినంకనే గదమ్మా, మేం సుత మొక్కుడు షురూ జేసినం. గింత సదువుకున్న టీచరమ్మ ఉత్తగనే మొక్కుతదా అనుకున్నం."

నాకు నవ్వాగలేదు. ఆ మంట కూడా అత్తయ్య నా మీదే తీర్చుకుంది, తప్పంతా నాదే అయినట్టు. కానీ పంతం వదిలితే మా అత్తయ్య ఎందుకవుతుంది? కళ్లలో శుక్లాలు ముదురుతున్నాయి, చూపు పూర్తిగా పోకముందే ఆయన పేరు ఒక్కసారి చదువుకోవాలని ముసలావిడ దగ్గర పట్టుబట్టింది. ఆయన అనేవాడొకడు ఉన్నాడనడానికి ఆ అక్షరాలు తప్ప ఇంకేం మిగిలాయని అడిగింది. ఆ మాటకు ముసలావిడ కూడా మెత్తబడి, రాయి కింది భాగం వరకు గీక్కోమని ఒప్పుకుంది.

నన్ను ఆఫీసుకు సెలవు పెట్టించి, వైరు బ్రష్షు, బకెట్టు పట్టించి తీసుకెళ్లింది. రుద్దగా రుద్దగా పెచ్చులూడి, మామయ్య పేరు బయటపడింది. అత్తయ్య కింద కూర్చుని ఒక్కో అక్షరం వేలితో తడిమింది. ఆవిడ ఏడవడం నేను చూసింది అప్పుడే. సరిగ్గా ఆ సమయానికే, రోడ్డు వెడల్పు చేసే ఇంజనీరు గునపాల వాళ్లతో దిగాడు. గోకిన అక్షరాలను వంగి చూసి, గుడి అనుకుని ప్లానులో రోడ్డు గీత పక్కకు జరిపామే, ఇది ఉత్త రాయేనా అన్నాడు. అత్తయ్య ఆయనకు యుద్ధం గురించి పాఠం మొదలుపెట్టింది. ఆయన మర్యాదగానే విని, ఇప్పటికి తీసేసి తర్వాత ఎక్కడైనా పెట్టిస్తామన్నాడు. ఆ తర్వాత ఎప్పటికీ రాదని సర్కారు ఆఫీసులో పనిచేసే నాకు తెలియదా?

గునపాలు లేచాయి. అంతసేపూ పక్కనే నిలబడి చూస్తున్న ముసలావిడ పసుపు పళ్లెం తెచ్చి అత్తయ్య ముందు పెట్టింది. తను మాత్రం ముట్టలేదు.

"నీ పెనిమిటి రాయి. ఉంచమంటవా, తియ్యమంటవా, నువ్వే చెప్పు" అంది.

వంటలోకి తప్ప పసుపు ఎరగని ఇల్లు మాది. అత్తయ్య గుప్పెడు పసుపు తీసి, బకెట్టు నీళ్లతో తడిపి, అప్పుడే కళ్లారా చూసుకున్న ఆ పేరు మీద తన చేత్తో మెత్తింది. ఒక్క అక్షరం కూడా కనబడకుండా మెత్తింది. "గుడే బాబూ. ఎన్నో ఏళ్ల నుంచి నేనే మొక్కుతున్నాను" అంది. అందులో అబద్ధం ఏముంది? ముందు కూలీలు చెప్పులు విడిచారు. ఇంజనీరు గీతను మళ్లీ పక్కకు వంచాడు. తిరిగి వచ్చేటప్పుడు అత్తయ్య స్కూటరు మీద నా భుజం పట్టుకుని కూర్చుంది. ఇంటికొచ్చి చూసుకుంటే నా చొక్కా భుజం మీద ఆవిడ వేళ్లు పసుపుగా అచ్చుపడి ఉన్నాయి.

అత్తయ్య పోయి చాలా కాలమైంది. సమాధుల తోటలో గ్రానైటు పలక మీద ఆవిడ పేరు నిగనిగలాడుతూ ఉంది, దాని దగ్గరకు నేను తప్ప ఎవరూ రారు. పేరు కనబడని మామయ్యకు మాత్రం రోజూ తాజా పూలు. కాలం దయతలచి ఎవరినైనా ఉంచినా, మనం అప్పజెప్పిన రూపంలోనే ఉంచదు. అది తెలిసే వయసు వచ్చింది గానీ, దాని మీద కోపం మాత్రం నాకింకా పోలేదు.