చాటలో మూడో కుప్ప

నా భార్య పోయిన నెలలో, ఒక ఆదివారం ఉదయం చనిపోయింది. కబురు తెలిసి ఇంటికి వచ్చిన విద్యార్థుల్లో చాలామందికి నేను ఆమె భర్తగానే తెలుసు. ఈ కాలేజీలో ఎన్నో ఏళ్లుగా ఎకనామిక్స్ చెబుతున్నాను. అయినా నన్ను "కంప్యూటర్ మేడం వాళ్ల సార్" అనే అంటారు. అది నాకెప్పుడూ లోటనిపించలేదు.

ఆమె పుట్టిల్లు కుందుర్పి దగ్గర. లెక్కలు చెప్పడానికి ఈ కాలేజీలో చేరింది. కంప్యూటర్ వచ్చినప్పుడు దాని ముందు కూర్చోవడానికి అందరూ జంకితే ఆమె కూర్చుంది. దాన్ని నడిపే యూనిక్స్ గురించిన పుస్తకం అట్ట ఊడేదాకా చదివింది. పప్పు మాడిన రోజులున్నాయి. "ఈ పొద్దు ఊరగాయతో సర్దుకోండి" అనేది, తల ఎత్తకుండా.

ఆ యంత్రంలో డిస్కు నలభై మెగాబైట్లు. మొదటిసారి బిగించినవాళ్లు దాన్నంతా ఒకే భాగంగా ఉంచి వెళ్లారు. పరీక్షల ముందు ఎవరి ప్రోగ్రామో అదుపు తప్పి డిస్కంతా నింపేసింది. తన పని చేసుకోవడానికి చోటు లేక యంత్రం ఆగిపోయింది. అది తేరుకున్నాక, అన్నీ మొదటినుంచి మళ్లీ ఎక్కించాలని ఆమె నిర్ణయించుకుంది. ఈసారి డిస్కును భాగాలు చేసి.

"నిండినాక మధ్యలో గోడ కట్టలేమండీ. ముందే అనుకోవల్ల," అంది.

ఆ సాయంత్రం చాటలో నలభై వేరుశనగ కాయలు పోసింది. మెగాబైటుకొక కాయ. వాటిని మూడు కుప్పలు చేసింది. మొదటిది యంత్రం నడవడానికి కావలసిన సిస్టమ్. రెండోది స్వాప్, అంటే మెమరీ చాలనప్పుడు యంత్రం కాసేపు వాడుకునే జాగా. మూడోది మనుషులు రాసి దాచుకునేవి. ఒక కుప్పలోంచి ఇంకో కుప్పలోకి కాయలు మారుస్తూ ఆలోచిస్తోంది. నేను పేపరు చదువుతూ చేతికి అందినవి ఒలుచుకుని తిన్నాను.

"స్వాప్ యాడికి పోయింది?" అంది కాసేపటికి.

"ఏది?"

"ఇప్పుడు మీ నోట్లో ఉండేదే."

"మూడో కుప్పలోంచి నాలుగు తీసి వేసుకో."

"దాంట్లో చెయ్యి పెట్టేది లేదు. అది విత్తనం. తినేది వేరు, విత్తేది వేరు."

వాళ్లింట్లో విత్తనపు కాయల మూటలకు వేరే గది ఉండేది. ఎంత కరువు వచ్చినా అందులోంచి ఒక్క కాయ తిన్నవాళ్లు లేరు. ఇంట్లో సంగటికి కూడా కష్టమైన ఏడాది వాళ్లమ్మ ఆ గది గడపకు అడ్డంగా పడుకునేదట.

డిస్కులో మూడో భాగంలో ఆమె ముఖ్యంగా దాచింది బావులను. వేసవి సెలవుల్లో విద్యార్థులను వెంటేసుకుని శింగనమల, కుందుర్పి వైపు పల్లెలు తిరిగి, ఏ బావిలో నీళ్లు ఎంత లోతుకు దిగిపోయాయో ఏటా కొలిపించింది. ఆ కాగితాలు తర్వాత చెదల పాలయ్యాయి. నకలు తీసిన ఫ్లాపీలు ఎండకు పాడయ్యాయి. డిస్కులో ఉన్నదే మిగిలింది.

ఈ వేసవి మొదట్లో, ఆమె మంచం పట్టాక, ఒకరోజు కరెంటు పోయి వచ్చింది. యంత్రం మళ్లీ లేవలేదు. ఆమె దగ్గర పని నేర్చుకున్న లెక్చరర్ మా ఇంటికి పరుగున వచ్చాడు.

"మేడం, బాగుచేసేదానికి బెంగళూరు నుంచి వచ్చిన ఇంజనీరు అంతా తుడిచేసి కొత్తగా ఎక్కిస్తా అంటాండాడు. బస్సుకు టైమైతాందంట."

"బావులో?"



ఆమె నన్ను చాట తెమ్మంది. మంచం మీదే మూడు కుప్పలు చేసింది. సాయం చేయబోతే నా చెయ్యి తోసేసింది.

"చూడప్పా, పాత హద్దులు అట్లే ఉండనీ. ఒక్కో భాగం కొత్తగా చేయాల్నా అని అడుగుతాది. మొదటిదానికి అవునను. మూడోదానికి కాదను. పొరపాటున అవునంటే బావులన్నీ పూడ్చినట్టే."

"ఆయన వినకపోతే?" అన్నాడు లెక్చరర్.

"బస్టాండులో నువ్వే దింపుతావని చెప్పు. వింటాడు."

పక్కింటామెను తోడు కూర్చోబెట్టుకుని, నన్నూ వెళ్లమంది. తెర మీద మూడో భాగం గురించి ప్రశ్న వచ్చినప్పుడు ఆ ఇంజనీరు మీట మీద వేలు ఉంచి మా వైపు తిరిగాడు. "కాదు, అంతేనా?" అన్నాడు. లెక్చరర్ "కాదు" అన్నాడు. అడక్కపోయినా నేనూ అన్నాను. చీకటి పడేలోపు యంత్రం లేచింది. తెర మీద ఊళ్ల పేర్లు, వాటి పక్కన బావుల లోతులు వరుసగా కదిలాయి.

ఇంటికి వచ్చేసరికి ఆమె మేలుకునే ఉంది.

"ఉన్నాయి," అన్నాను.

"అన్నీనా?"

"అన్నీ."

కాసేపు కళ్లు మూసుకుంది. తర్వాత చాటలో రెండో కుప్పను నా వైపు జరిపింది.

"ఇంక స్వాప్ తినండి."

తిన్నాను.

ఆమె పోయాక బంధువులు ఇల్లు సర్దారు. చాటను మాత్రం నేను ముట్టనివ్వలేదు. కిటికీ పక్క బల్ల మీద, మూడో కుప్పతో అట్లాగే ఉంది. మొన్న సాయంత్రం ఈ ఏటి మొదటి వాన పడింది. జల్లు లోపలికి కొట్టింది. కిటికీ మూయడానికి లేచాను. ముందు చాటను లోపలికి జరిపాను.