పెయింటర్ కాక చూసిన పోస్టర్లు

పెయింటర్ కాక పోయాడని సోమవారం పొద్దున రియాద్ అవతలి అల్ ఖర్జ్ ఊరి నుంచి ఫోనొచ్చింది. డెయిరీలో బోర్డు రాసి, నీడకు కూర్చుని, అలాగే ఒరిగిపోయాడట. రియాద్ క్యాంపులో ఆయనతో మూడేళ్లు ఒకే గదిలో ఉన్నాను. ఆయన గురించి నాలుగు మాటలు చెప్పకపోతే నాకు ముద్ద దిగదు.

కరీంనగర్ వైపు గోడల మీద ఎన్నికల రాతలు రాసిన చేయి ఆయనది. అన్ని పార్టీలకూ ఓటెయ్యమని రాసినవాణ్ని, నన్ను నమ్మకండని నవ్వేవాడు. రియాద్‌లోనే మలాజ్ పేటలో ఇల్లు ఖాళీ చేస్తున్న ఒక కుటుంబం పారేసిన సామాన్లలో ఆయనకో పుస్తకం దొరికింది. నిండా అమెరికా పాతకాలపు ఎన్నికల పోస్టర్లు. ఇంగ్లీషు రాదు. అయినా శుక్రవారం సెలవుపూట దాన్ని మంచం మీద పరిచి, అక్షరం పొట్ట ఎక్కడ ఉబ్బిందో, జెండా చారల మధ్య నాయకుడి మొహాన్ని ఎలా ఇరికించారో వేలితో తడుముతూ చూసేవాడు.

కార్మిక సంఘాల కరపత్రాలు చదివి పెరిగినవాణ్ని, నాకు ఒళ్లు మండేది. ఒక పోస్టరులో కూలివాడి నిండు టిఫిన్ డబ్బా ఉంది. మాకు ఓటేస్తే మీ డబ్బా నిండుతుందని దాని అర్థం. పచ్చి మోసమని అరిచాను. కాక తలెత్తలేదు.

"మోసమే బిడ్డా. గని మోసం చేసేటోనికి సుత కూలోని ఆకలి యాడుందో ఎరుకే."

ఆ ఎండాకాలం మా మెస్‌కు పాచిపోయిన కూర వచ్చేది. ముదీర్‌ను, అంటే మా క్యాంపు మేనేజరును, తిడుతూ ఇరవై లైన్లు రాసి, అట్ట మీద పెద్దక్షరాల్లో దించమని కాకకిచ్చాను. చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

"తిట్లు సదివితే తిట్టినోడే యాదికుంటడు. కూర యాదికుండది."

మర్నాడు మెస్ తలుపు మీద మూత తెరిచిన ఖాళీ టిఫిన్ డబ్బా బొమ్మ. ఒక్క మాట లేదు. బెంగాలీలు, పాకిస్తానీలు, మనవాళ్లు, అందరూ దాని ముందు ఆగారు. ఎవరూ చెప్పకుండానే ఆ పూట ఎవరూ వడ్డించుకోలేదు.

ఇది ఎవరి పని అని ముదీర్ అడిగాడు. వీసా మీద ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తాడని వెనక వరసలోకి జరిగాను. కాక చెయ్యెత్తాడు. ఇంత మాట్లాడే నేను ఎత్తలేదు. కూర మారింది. కాకను అల్ ఖర్జ్‌కు మార్చారు.

ఏడాదిపాటు మొహం చెల్లక, పోయిన నెల వెళ్లాను. డెయిరీ నీళ్ల ట్యాంకు మీద అరబీ అక్షరాలు దిద్దుతున్నాడు. ఆ రోజు నేనూ చెయ్యెత్తాల్సింది కాకా అన్నాను. ఎత్తితే ఇద్దరం పోయేవాళ్లం, మంచి కూర తినేదెవడు అన్నాడు. నాకది చాల్లేదు. కదలకుండా నిలబడ్డాను. నిచ్చెన దిగొచ్చి బ్రష్ నా చేతిలో పెట్టాడు.

"చెయ్యెత్తుడే గావాల్నా? ఎక్కి ఎత్తు."

ఎక్కాను. ఆయన గీసిన గీతల మధ్య ఒక్క అక్షరం నింపాను. బ్రష్ ఎక్కువ ముంచానేమో, నీలం రంగు జారింది. కిందికి చూస్తే, రెండు చేతులతో నిచ్చెన గట్టిగా పట్టుకుని కాక తల పైకెత్తి నిలబడ్డాడు. నుదుటి మీద నీలం చుక్క. తుడుచుకోవడానికి చెయ్యి వదల్లేదు.