మా గేదె తల్లిప్రేమ టీవీలో వచ్చిన రోజు

తణుకులో మేముండే వీధి మొదట్లో పశువుల దాణా కొట్టుంది. దాని ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా తవుడూ తెలకపిండీ కలిసిన ఆ కమ్మటి వాసనకి రామచంద్రపురం దగ్గరి మా ఊరూ, దాళ్వా నాట్లు వేసొచ్చి కాలవలో మోకాళ్ళదాకా బురద కడుక్కునే ఆడవాళ్ళూ, మంచుకి తడిసిన గడ్డిమేటు మీంచి జారి ఒళ్ళంతా దురదలతో తిట్లు తిన్న పొద్దుటి పూటలూ, ఇత్తడి చెంబులో పాలధార చప్పుడూ గుర్తొస్తాయి. వాటితోపాటు బుజ్జి కూడా.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ ఏడు మా గేదె మగదూడని ఈనింది. మగదాని వల్ల మనకేం లాభమని మా మామ్మ, అంటే నాన్న తల్లి, పొదుగులో దానికి చుక్క మిగిల్చేది కాదు. నెల తిరక్కుండా దూడ చచ్చిపోయింది. అది లేకపోయేసరికి గేదె చేపడం మానేసి, ఎంత పిండినా పాలు దించేది కాదు. అప్పుడు తల్లి పోయిన ఒక మేకపిల్లని మామ్మ తెచ్చి, దాని మూతి పొదుక్కి ఆనించింది. గేదె కళ్ళు మూసుకుని పాలు వదిలేసింది. నాలుగు గుక్కలు తాగనిచ్చి, మేకపిల్లని లాగేసి, మామ్మ చెంబు పెట్టేది. దానికి బుజ్జి అని పేరు పెట్టింది నేనే.

ఎవరు చెప్పారో, ఒకరోజు పొద్దున్నే టీవీ వాళ్ళు దిగారు.

"దూడేమైందండి, మామ్మగారూ?" అన్నాడు విలేకరి.

"పాలన్నీ మేమే పిండేసుకున్నామండి. చచ్చిపోయిందండి."

అతను మైకు దించేశాడు. "అది వద్దండి. బిడ్డ పోయిన దుఃఖంలో ఇంకో బిడ్డని అక్కున చేర్చుకుందని చెప్పండి."

"ఆయ్, అలాగేనండి," అంది మామ్మ.

బుజ్జి ఆత్రంగా పరిగెత్తాలని మధ్యాహ్నం దాకా దాన్ని కట్టేసి ఆకలితో ఉంచారు. తర్వాత వదలడం, సరిగ్గా రాలేదని లాక్కురావడం, మళ్ళీ వదలడం. నాకు రెండు జడలు వేయించి "మా బుజ్జికి అమ్మ దొరికింది" అనిపించారు. ఆరోసారికి కన్నీళ్ళు కూడా తెచ్చుకున్నాను. విలేకరి నా భుజం తట్టాడు. చివరికి కెమెరా పొదుగు కిందికి పెట్టి లైటు వేశారు. గేదె బెదిరి తన్నింది. బుజ్జి ఎగిరి పాక గోడకి కొట్టుకుంది. చచ్చుబడ్డ వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ మళ్ళీ పొదుగు వైపే పాకింది.

"పర్లేదండి, మనక్కావల్సింది వచ్చేసింది," అంటూ విలేకరి వైర్లు చుట్టించాడు.

వాళ్ళ కారు కాలవగట్టు ఎక్కకముందే నాన్న కత్తి తీశాడు.

సాయంత్రం వీధి వీధంతా మా వసారాలో చేరింది. తెర మీద మెల్లటి సంగీతం, పాలు తాగుతున్న బుజ్జి. మనుషులకి పాఠం చెప్పిన మూగజీవి అంటూ వార్తలు చదివే ఆవిడ గొంతు వణికించింది. మామ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. మా ఇంటివాళ్ళం కంచాలు ముందు పెట్టుకుని కూర్చున్నాం. గసాలు నూరి వేసిన ఇగురు, ఎముక కూడా నమిలేంత లేత మాంసం. టీవీలో నా గొంతు విని మురిసిపోతూ నేను రెండోసారి వడ్డించుకున్నాను. నాకు ఏడుపు రాలేదు.

మర్నాటి నుంచి ఊళ్ళ మీంచి జనం చూడ్డానికొస్తే, "మేతకెళ్ళిందండి," అని నేనే చెప్పేదాన్ని. బడిలో చప్పట్లు కొట్టారు. గేదె మళ్ళీ చేపడం మానేసింది. పదిహేను రోజులకి దాన్ని సంతకి తోలేశారు.

ఇప్పుడా పాకా లేదు, మామ్మా లేదు. పాక ఉన్నచోట చేపల చెరువు తవ్వేశారు. ఆ టీవీ ముక్క మాత్రం ఫోన్లలో తిరుగుతూనే ఉంది. మొన్న మా అమ్మాయి దాన్ని చూసి, "అమ్మా, ఈ జడల పిల్ల నువ్వేనా? తర్వాత మేకపిల్ల ఏమైంది?" అని అడిగింది.

"తినేశామమ్మా," అన్నాను.

వేళాకోళమనుకుని పడీపడీ నవ్వి, వీడియో స్నేహితులందరికీ పంపేసింది.